అంచు చెప్పే సాక్ష్యం: హాక్సన్ నిధిలోని రోమన్ వెండి నాణేలు

లండన్ బ్రిటిష్ మ్యూజియంలో రోమన్ బ్రిటన్‌కు కేటాయించిన 49వ గదిలో ఉన్న హాక్సన్ నిధి పేరెత్తగానే చాలామందికి అందులోని బంగారు గొలుసు, ‘మహారాణి’గా పేరుపడ్డ స్త్రీమూర్తి రూపంలోని మిరియాల డబ్బీ గుర్తుకు వస్తాయి. 1992 నవంబరులో సఫోక్ ప్రాంతపు పొలంలో, పోయిన సుత్తి కోసం లోహశోధక పరికరంతో వెతుకుతుండగా బయటపడిన ఈ నిధిలో (ఆ సుత్తీ దొరికింది, అదీ మ్యూజియానికే చేరింది) మొత్తం 14,865 నాణేలుండగా, వాటిలో 569 బంగారువి, 24 కంచువి, తక్కిన 14,272 వెండివి. చరిత్రకారుడికి అసలు పని ఈ వెండితోనే.

ఈ వెండి నాణేల్లో అత్యధికం ‘సిలిక్వా’లు. సిలిక్వా అంటే నిజానికి కారబ్ చెట్టు గింజ. తెలుగునాట కంసాలులు గురిగింజ ఎత్తును వాడినట్లే రోమన్లు ఆ గింజను తూనికకు వాడేవారు. నాలుగో శతాబ్దపు పలుచని వెండి నాణేనికి ఈ పేరును ఆధునిక పరిశోధకులు వాడుకలో స్థిరపరిచారు. బొమ్మ వైపు ముత్యాల పట్టీ ధరించిన చక్రవర్తి ముఖం, చుట్టూ అతని పేరూ బిరుదులూ, బొరుసు వైపు అడుగున టంకశాల గుర్తు ఉండటం దీని సాధారణ లక్షణం. ట్రియర్ నగరపు గుర్తులో ఊరి పేరు తర్వాత వచ్చే రెండక్షరాలు అది శుద్ధిచేసిన వెండి అని తెలిపేవి. నిధిలోని నాణేలు ట్రియర్ మొదలు అంతియొక్ వరకు 14 టంకశాలల నుంచి వచ్చినవి.

అయితే ఈ సిలిక్వాల్లో నూటికి 98కి పైగా అంచు కత్తిరించినవే. కత్తెర అక్షరాలను తినేసింది, టంకశాల గుర్తును తరచుగా మింగేసింది, కానీ చక్రవర్తి ముఖం జోలికి పోలేదు. పైగా అదే పెట్టెలోని బంగారు నాణేలను ముట్టుకోలేదు. దీన్ని కేవలం దొంగతనమనడం తేలికే గాని, మోసం దాగి ఉండాలని చూస్తుందే తప్ప ఊరంతటికీ కనబడేలా దాదాపు ప్రతి నాణెంపైనా ముద్ర వేసుకోదు. 402 తర్వాత బ్రిటన్‌కు కొత్త వెండి రావడం దాదాపు ఆగిపోవడం, 407లో అక్కడి సైన్యం మూడో కాన్‌స్టంటైన్‌ను చక్రవర్తిగా ప్రకటించగా అతడు బలగాలతో గాల్ దేశానికి దాటిపోవడం ఇక్కడ గమనించదగినవి. వెండి కరవైన చోట నాణేల సంఖ్య తగ్గకుండానే లోహాన్ని రాబట్టుకోవడానికి కత్తిరింపు ఒక మార్గమైంది. ఆ ముక్కలను కరిగించి స్థానికంగా అనుకరణ నాణేలు ముద్రించి ఉండవచ్చు. అధికారిక నాణేల్లా కనిపించేలా చేసిన అలాంటి అనుకరణలు నిధిలోనే 400కు పైగా ఉన్నాయి.

నిధిలోని చివరి నాణేలు 407–408 నాటివి కాబట్టి అది ఆ తర్వాతే పాతిపెట్టినదని చెప్పగలం. ఎంత తర్వాత అన్నది మాత్రం నాణెంపై ముద్రకన్నా దాని అరుగుదలా కత్తిరింపే మెరుగ్గా సూచిస్తాయి. 2005లో నాణేల పరిశోధకుడు పీటర్ గెస్ట్ ప్రచురించిన ఈ నిధి నాణేల వివరణాత్మక పట్టికకు ఈ కారణంగానే అంత విలువ.

దక్కనులో కథ మరోలా నడిచింది. నల్లగొండ జిల్లా అక్కనపల్లి వంటి చోట్ల దొరికిన అగస్టస్, టైబీరియస్‌ల దీనారాలు, అనగా అంతకు నాలుగు శతాబ్దాల ముందరి వెండి నాణేలు, సముద్రం దాటి వచ్చినవి. భారతదేశంలో దొరికిన రోమన్ నాణేల్లో కొన్నింటిపై ఉలితో కొట్టిన గాటు అంచున కాక, నేరుగా చక్రవర్తి ముఖం మీదుగానే సాగుతుంది. లోహాన్ని పరీక్షించడానికో, పరాయి రాజు ముద్రను చెల్లకుండా చేయడానికో ఆ గాటు పడి ఉంటుందని పండితుల ఊహ. ఏదైనా, బ్రిటన్‌లో నాణెం చెల్లాలంటే ఆ ముఖం కావాలి, ఇక్కడ వెండి ఉంటే చాలు.

మ్యూజియంలో నిధి పెట్టె ఆకృతిని పారదర్శక ప్లాస్టిక్‌తో పునర్నిర్మించడం వస్తువులు ఎలా సర్ది ఉన్నాయో చక్కగా తెలుపుతుంది. కాని ప్రదర్శనశాలల్లో నాణేలను చక్రవర్తుల వరుసలో, ముఖం పైకి కనబడేలా పరిచే అలవాటుకు అంచు అందదు. కత్తిరించిన సిలిక్వా పక్కన కత్తిరించనిదాన్ని ఒకే కొలతలో ఉంచి, రెండింటి బరువునూ పలకపై రాస్తే, పోయిన వెండి ఎంతో సందర్శకుడు తానే లెక్కగట్టుకోగలడు.