పినాకినీ తీరమున పున్నమవ్రతము

అన్యమతస్థులైన పరివ్రాజకులు అష్టమీ, చతుర్దశీ, పంచదశీ తిథులందు కూడి ధర్మము చెప్పుచుండగా జనులు వారి నాదరించుట చూచి, మన భిక్షువులును అట్లు సమావేశమైన మేలుగదా యని మగధరాజు బింబిసారుడు తథాగతునకు విన్నవించెననియు, ఆయన దాని కంగీకరించెననియు వినయపిటకమందలి మహావగ్గము చెప్పుచున్నది. కావున పున్నమ బౌద్ధుల కల్పన కాదు. లోకమున నున్న పర్వమునే గైకొని వారు దానికి కొత్తపని యప్పగించిరి. ఆ దినమున ఒక సీమలోని భిక్షువులెల్లరు ఒక్కచోట చేరి భిక్షునియమావళి యగు ప్రాతిమోక్షము వినవలెను; నియమము మీరినవాడు ముందే తన దోషము చెప్పుకొనవలెను; ముమ్మాఱు ప్రశ్నించినను మౌనముగా నున్నచో వాడు పరిశుద్ధుడని సంఘము గ్రహించును. గృహస్థులకు అష్టశీలములు, మధ్యాహ్నము దాటిన పిదప నిరాహారము. ఉపవాసము ఏ మతమందైన కలదు. పదుగురిలో దోషపరీక్షను పక్షమున కొకమాఱు తప్పనిసరి చేయుటయే ఉపోసథ మను ఈ వ్రతమునకు ప్రాణమని నా తలంపు.

అశోకుడు ఉత్తరదేశపు స్తంభశాసనములలో చాతుర్మాస్యపు పున్నములందును, తిష్యపున్నమ నాడును, ఉపోసథ దినములందును చేపలను చంపరాదు, అమ్మరాదు అని కట్టడి చేసెను. ఆ రాజు మాట మన సీమకును వచ్చినది: గుత్తి చేరువ నున్న ఎఱ్ఱగుడి బండలపై, తల్లిదండ్రుల మాట వినుడు, ప్రాణులయెడ దయ గలిగియుండుడు, సత్యము పలుకుడు అని రాజుకు లను అధికారులు భేరి మ్రోగించి చాటవలెనని యున్నది. అందు కొన్ని పంక్తులు కుడినుండి ఎడమకు సాగును. ఆ లేఖకుని చిత్తమేమో! చెయ్యేటి యొడ్డున నందలూరు చెంత ఆడపూరి గుట్టలమీద బౌద్ధ స్తూపవిహార శిథిలములు నేటికిని కలవు.

జమ్మలమడుగు దాపున పెన్న గట్టుపై దానవులపాడు మాత్రము జైనక్షేత్రము. రాష్ట్రకూట ప్రభువు నిత్యవర్షుడు, అనగా మూడవ ఇంద్రుడు, 10వ శతాబ్దిలో శాంతినాథుని స్నపనమునకు అచట పీఠము చేయించెను. జైన శ్రావకులకును అష్టమీ చతుర్దశులందు ప్రోషధోపవాస మను వ్రతము కలదు. బింబిసారుడు చూచిన లోకాచారమునకు ఇదియు నొక శాఖయే.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతముల రైతునకు జ్యేష్ఠపున్నమ యనగా ఏరువాక, ఎద్దుల పండుగ. సింహళమున ఆ పున్నమయే అశోకుని కుమారుడు మహేంద్రుడు ధర్మము తెచ్చిన దినమని పూజలందుచున్నది. బుద్ధుని జననము, బోధి, పరినిర్వాణము మూడును వైశాఖపున్నమ నాడే జరిగెనను సంప్రదాయము ననుసరించి, 1956 మే 24వ తేదీన 2500వ బుద్ధజయంతిని మన దేశమంతట ప్రభుత్వమే జరిపినది. ఆ యేటనే అక్టోబరు 14న నాగపురమున అంబేద్కరు బౌద్ధదీక్ష గైకొనగా, ఆయన వెంట నడచిన గృహస్థుల యిండ్లలో పున్నమనాటి పంచశీల పఠనము మరల మొదలైనది.