యాప్ ఇన్వెంటర్‌లో వెబ్ లింకులు: పెట్టడం ఎలా, చూసుకోవడం ఎలా

మసీదు కమిటీకైనా, మదర్సాకైనా, బస్తీలోని వెల్ఫేర్ సొసైటీకైనా ఒక చిన్న యాప్ చేయాలంటే అందులో సగానికి సగం పని లింకులదే. రంజాన్ క్యాలెండర్, హజ్ కమిటీ వెబ్‌సైట్, స్కాలర్‌షిప్ పోర్టల్, మసీదుకు దారి చూపే మ్యాప్, ఇమామ్ సాబ్‌కు మెసేజ్ పంపే బటన్, అన్నీ లింకులే. కోడింగ్ రాని వాళ్లు, ఇంటర్ చదివే పిల్లలు కూడా ఈ పని చేసుకోగలిగే ఉచిత సాధనం ఎంఐటీ యాప్ ఇన్వెంటర్. 2010లో గూగుల్ దీన్ని మొదలుపెట్టింది. 2012 నుంచి అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ, అంటే ఎంఐటీ, నడుపుతోంది. కంప్యూటర్‌లో బ్రౌజర్ తెరిచి గూగుల్ అకౌంట్‌తో లోపలికి వెళ్తే చాలు. ఒక వైపు డిజైనర్‌లో స్క్రీన్ అమర్చుకోవాలి, ఇంకో వైపు బ్లాక్స్‌లో రంగు రంగుల ముక్కల్ని ఒకదానికొకటి తగిలించి పని చెప్పాలి. ఫోన్‌లో కంపానియన్ యాప్ వేసుకుని క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే చేస్తున్న పని అప్పటికప్పుడు ఫోన్‌లో కనిపిస్తుంది.

లింకు తెరవడానికి రెండు దారులు

మొదటిది వెబ్‌వ్యూయర్. ఇది యాప్ స్క్రీన్‌లోనే ఒక కిటికీ లాంటిది, వెబ్ పేజీ అందులోనే కనిపిస్తుంది. డిజైనర్‌లో యూజర్ ఇంటర్‌ఫేస్ అనే అరలో ఉంటుంది. దాన్ని లాగి స్క్రీన్ మీద వేసి, హోమ్ యూఆర్ఎల్ అనే చోట పేజీ అడ్రస్ రాస్తే యాప్ తెరవగానే ఆ పేజీ వస్తుంది. బటన్ నొక్కినప్పుడు వేరే పేజీ రావాలంటే బ్లాక్స్‌లో గోటు యూఆర్ఎల్ అనే ముక్క వాడాలి.

రెండోది యాక్టివిటీ స్టార్టర్. ఇది స్క్రీన్ మీద కనిపించదు, కనెక్టివిటీ అరలో ఉంటుంది. దీని పని ఫోన్‌లోని వేరే యాప్‌ను లేపడం. లింకు ఇస్తే ఫోన్‌లో ఉన్న క్రోమ్ లాంటి బ్రౌజర్‌ను తెరుస్తుంది. యాక్షన్ అనే చోట 'ఆండ్రాయిడ్ డాట్ ఇంటెంట్ డాట్ యాక్షన్ డాట్ వ్యూ' అని ఇంగ్లిష్‌లో రాయాలి. చివరి మాట 'వ్యూ' మాత్రం పెద్ద అక్షరాల్లో, మిగతాదంతా చిన్న అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా. డేటా యూఆర్ఐ అనే చోట పూర్తి లింకు ఇచ్చి, బ్లాక్స్‌లో స్టార్ట్ యాక్టివిటీ పిలవాలి. లింకు ముందు హెచ్‌టీటీపీఎస్ లేకుండా ఉత్త వెబ్‌సైట్ పేరు రాస్తే 601 నంబరు ఎర్రర్ వస్తుంది. లింకును తెరిచే యాప్ ఏదీ దొరకలేదని దాని అర్థం. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఇక్కడ గంటల తరబడి తల పట్టుకుంటారు. కారణం మాత్రం ఆ నాలుగైదు అక్షరాలే.

రెండింట్లో ఏది వాడాలన్నది చూపుకు సంబంధించిన విషయం కాదు. వెబ్‌వ్యూయర్‌లో అడ్రస్ బార్ ఉండదు. తెరిచిన పేజీ నిజంగా ఏ వెబ్‌సైట్‌దో చూసేవాళ్లకు తెలిసే మార్గం లేదు. నమాజ్ వేళల పేజీకో, మదర్సా నోటీసుకో అది ఫర్వాలేదు. కానీ ఆధార్ నంబరు, బ్యాంకు వివరాలు, ఓటీపీ అడిగే పేజీని వెబ్‌వ్యూయర్‌లో చూపించకూడదు. హజ్ దరఖాస్తు, నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్, విరాళం కట్టే పేజీ, ఇవన్నీ యాక్టివిటీ స్టార్టర్‌తో బయటి బ్రౌజర్‌లోనే తెరవాలి. అప్పుడే ఇంట్లో అమ్మీ అయినా, అబ్బా అయినా పైన అడ్రస్ చదువుకుని, చివర 'గవ్ డాట్ ఇన్' ఉందో లేదో చూసుకుని ముందుకు వెళ్లగలరు. యాప్ అందంగా ఉండాలని అన్నీ లోపలే తెరిపించే అలవాటు చాలామందికి ఉంది. డబ్బు, ఆధార్ విషయంలో ఆ అందం అక్కర్లేదు.

వెబ్‌వ్యూయర్‌కు ఇంకొన్ని పరిమితులు ఉన్నాయి. పీడీఎఫ్ ఫైలు అందులో తెరుచుకోదు, తెల్ల స్క్రీన్ వస్తుంది. రంజాన్ సెహ్రీ ఇఫ్తార్ పట్టిక పీడీఎఫ్‌లో ఉంటే దాన్ని బయటి బ్రౌజర్‌కే పంపాలి, లేదా ఫొటోగా మార్చి పెట్టాలి. గూగుల్ లాగిన్ కూడా యాప్ లోపలి కిటికీలో నడవదు, భద్రత కోసం గూగుల్ దాన్ని ఆపేసింది. కాబట్టి సర్టిఫికెట్ అప్‌లోడ్ చేయమనే గూగుల్ ఫారం అక్కడ ముందుకు కదలదు. పేజీలో ఫోన్ నంబరు మీదో, ఈమెయిల్ మీదో నొక్కితే తరచూ ఎర్రర్ పేజీయే వస్తుంది. ఆండ్రాయిడ్ 9 నుంచి చివర 'ఎస్' లేని పాత హెచ్‌టీటీపీ లింకుల్ని యాప్‌లు మామూలుగా తెరవవు. అందుకని హెచ్‌టీటీపీఎస్ ఉన్న లింకే పెట్టుకోవాలి.

వెబ్‌వ్యూయర్ సెట్టింగుల్లో ఫాలో లింక్స్ అని ఒకటి ఉంది. టిక్ ఉంటే పేజీలోని లింకులు నొక్కినప్పుడు తెరుచుకుంటాయి, తీసేస్తే నొక్కినా కదలవు. ఒకే పేజీ చూపించి అక్కడే ఆపాలంటే టిక్ తీసేయడం మేలు. ఇగ్నోర్ ఎస్ఎస్ఎల్ ఎర్రర్స్ అనే ఇంకో టిక్ కూడా ఉంది. దాన్ని ముట్టుకోకూడదు. వెబ్‌సైట్ సర్టిఫికెట్ సరిగా లేకపోయినా పట్టించుకోవద్దని ఫోన్‌కు చెప్పడమే దాని పని. 'ఎర్రర్ వస్తోంది, ఇది టిక్ చేయి భాయ్' అని ఎవరైనా సలహా ఇస్తే వినొద్దు, ఆ వెబ్‌సైట్ వాళ్లనే సరిచేయమనాలి.

వెనక్కి వెళ్లే బటన్ సంగతి కూడా చూడాలి. ఏమీ చెప్పకపోతే ఫోన్‌లో బ్యాక్ నొక్కగానే యాప్ మొత్తం మూతపడుతుంది. బ్యాక్ ప్రెస్డ్ అనే ఈవెంట్‌లో, వెనక్కి వెళ్లడానికి పేజీ ఉంటే గో బ్యాక్, లేకపోతే యాప్ మూసేయడం అని రాస్తే సరిపోతుంది.

వాట్సాప్, ఫోన్, మ్యాప్

వాట్సాప్ లింకు 'డబ్ల్యూఏ డాట్ మీ' అని మొదలై, గీత తర్వాత 91తో కలిపి పది అంకెల నంబరు ఉంటుంది. ప్లస్ గుర్తు, ముందు సున్నా, మధ్యలో ఖాళీ పెట్టకూడదు. మెసేజ్ ముందుగానే రాసి ఉండాలంటే దాన్ని తెలుగులోనో ఉర్దూలోనో నేరుగా లింకులో అతికించకూడదు. వెబ్ కాంపొనెంట్‌లో ఉన్న యూఆర్ఐ ఎన్‌కోడ్ అనే బ్లాక్‌లోంచి పంపి అప్పుడు కలపాలి, లేకపోతే అక్షరాలు చెదిరిపోతాయి. అది ఖాళీల చోట ప్లస్ గుర్తు పెడుతుంది. మెసేజ్‌లో మాటల మధ్య ప్లస్‌లు కనబడితే వాటిని పర్సెంట్ గుర్తు, 20తో మార్చుకోవాలి. ఫోన్ కాల్‌కు 'టెల్', మ్యాప్‌కు 'జియో' అనే మాటతో మొదలయ్యే లింకు ఇస్తే అదే యాక్టివిటీ స్టార్టర్ ఆ పనులూ చేస్తుంది.

లింకుల్ని యాప్ బయట ఉంచడం

అసలు కష్టం లింకు పెట్టడంలో లేదు, మార్చడంలో ఉంది. లింకుల్ని బ్లాక్స్‌లో రాసేస్తే అవి యాప్ ఫైలులో కలిసిపోతాయి. రేపు క్యాలెండర్ పేజీ మారితే మళ్లీ యాప్ తయారు చేసి, మళ్లీ అందరికీ పంపి, మళ్లీ అందరిచేత వేయించాలి. రెండు వందల ఇళ్లలో ఎంతమంది ఆ పని చేస్తారు? మిగతా ఫోన్లలో పాత లింకే ఉండిపోతుంది. స్కాలర్‌షిప్ గడువు దగ్గర పడుతుంటే ఆ అమ్మాయి పాత పేజీలోనే వెతుక్కుంటూ ఉంటుంది.

దీనికి విరుగుడు లింకుల పట్టికను గూగుల్ షీట్‌లో ఉంచడం. మొదటి కాలమ్‌లో పేరు, రెండో కాలమ్‌లో లింకు, మూడో కాలమ్‌లో లోపల తెరవాలా బయట తెరవాలా అన్న గుర్తు, నాలుగోదాంట్లో చివరిసారి ఎప్పుడు చూశారన్న తేదీ. షీట్‌లో ఫైల్, షేర్, పబ్లిష్ టు వెబ్ అని వెళ్లి సీఎస్‌వీ రూపం ఎంచుకుంటే ఒక అడ్రస్ వస్తుంది. యాప్‌లో ఆ ఒక్క అడ్రస్ ఉంటే చాలు. షీట్‌లో మార్చిన లింకు కొన్ని నిమిషాల్లో అన్ని ఫోన్లకూ చేరుతుంది.

బ్లాక్స్‌లో పని ఇలా సాగుతుంది. స్క్రీన్ మొదలవగానే వెబ్ కాంపొనెంట్‌కు ఆ అడ్రస్ ఇచ్చి గెట్ అనాలి. జవాబు వచ్చినప్పుడు గాట్ టెక్స్ట్ ఈవెంట్ వస్తుంది. అందులో రెస్పాన్స్ కోడ్ 200 అయితేనే ముందుకు వెళ్లాలి. వచ్చిన టెక్స్ట్‌ను 'లిస్ట్ ఫ్రమ్ సీఎస్‌వీ టేబుల్' బ్లాక్‌తో పట్టికగా మార్చాలి. మొదటి వరుసలో కాలమ్ పేర్లే ఉంటాయి కాబట్టి దాన్ని తీసేయాలి. ఇక్కడ లెక్క సున్నా నుంచి కాదు, ఒకటి నుంచి మొదలవుతుంది. తర్వాత పేర్లన్నీ లిస్ట్‌వ్యూలో పెట్టాలి. ఎవరైనా ఒకదాన్ని నొక్కితే ఆఫ్టర్ పికింగ్ ఈవెంట్‌లో సెలెక్షన్ ఇండెక్స్ చూసి అదే వరుసలోని లింకు తెరవాలి. పేరును బట్టి వెతకడం కన్నా నంబరును బట్టి తీయడం నయం, ఒకే పేరు రెండుసార్లు ఉన్నా తప్పు పోదు. లింకును తెరిచే ముందు ట్రిమ్ బ్లాక్‌లోంచి పంపాలి. వాట్సాప్ నుంచి కాపీ చేసినప్పుడు చివర్లో కంటికి కనపడని ఖాళీ ఒకటి వచ్చి చేరుతుంది, దానివల్లే లింకు తెరుచుకోదు.

నెట్ లేనప్పుడు స్క్రీన్ ఖాళీగా ఉండకూడదు. అందుకు టైనీ డీబీ ఉంది, ఇది ఫోన్‌లోనే దాచుకునే చిన్న డబ్బా. పట్టిక వచ్చిన ప్రతిసారీ దాన్ని అందులో వేయాలి. యాప్ తెరవగానే ముందు డబ్బాలోని పాత పట్టిక చూపించి, వెనకాల కొత్తది తెప్పించుకోవాలి. నెట్ లేకపోతే గాట్ టెక్స్ట్ రాదు, 1101 ఎర్రర్ వస్తుంది. స్క్రీన్‌లోని ఎర్రర్ ఆకర్డ్ ఈవెంట్‌ను పట్టుకుని 'నెట్ లేదు, పాత జాబితా చూపిస్తున్నాం' అని మన భాషలో చెప్పొచ్చు. ఉర్దూ చదివే పెద్దల కోసం ఇంకో కాలమ్‌లో ఉర్దూ పేర్లు కూడా పెడితే ఇంకా మంచిది.

పబ్లిష్ చేసిన షీట్‌ను దాని అడ్రస్ తెలిసిన ఎవరైనా చదవగలరు. కాబట్టి అందులో లింకులు తప్ప వేరే ఏమీ ఉండకూడదు. జకాత్ అందుకునే కుటుంబాల పేర్లు, ఆడవాళ్ల ఫోన్ నంబర్లు, పిల్లల వివరాలు అదే ఫైలులో ఇంకో ట్యాబ్‌లో పెట్టుకోవడం సులువుగా అనిపిస్తుంది. అలా అస్సలు చేయొద్దు. పబ్లిష్ చేసేటప్పుడు మొత్తం డాక్యుమెంట్ అని ఎంచుకుంటే ఆ ట్యాబ్ కూడా బయటికి పోతుంది. ఆ వివరాలకు వేరే ఫైలే ఉండాలి. షీట్ మార్చే హక్కు కూడా ఇద్దరికే ఇవ్వాలి. ఎవరు ఎప్పుడు ఏం మార్చారో వెర్షన్ హిస్టరీలో కనిపిస్తుంది.

చచ్చిపోయిన లింకులు, దొంగ లింకులు

తెరుచుకోని లింకు కన్నా తప్పు చోట తెరుచుకునే లింకు ప్రమాదం. చిన్న సంస్థలు వెబ్‌సైట్ పేరు కొనుక్కుంటాయి, ఏడాది తర్వాత డబ్బు కట్టడం మర్చిపోతాయి. ఆ పేరు ఇంకెవరి చేతికో పోతుంది. నిన్న తఫ్సీర్ పాఠాలున్న అడ్రస్‌లో ఇవాళ జూదం ప్రకటనలు రావచ్చు. యాప్‌లో లింకు అదే, పేరు అదే, నొక్కేది మాత్రం పిల్లలు. అందుకే నెలకోసారి, రంజాన్ ముందు ఒకసారి, హజ్ దరఖాస్తులు మొదలయ్యే ముందు ఒకసారి ఎవరో ఒకరు కూర్చుని అన్ని లింకులూ నొక్కి చూసి నాలుగో కాలమ్‌లో తేదీ వేయాలి. పావుగంట పని.

ఎవరో గ్రూపులో పంపిన పొట్టి లింకుల్ని నేరుగా పట్టికలో ఎక్కించకూడదు, వాటి వెనక ఏ వెబ్‌సైట్ ఉందో పైకి తెలియదు. ప్రభుత్వ పథకం అయితే 'గవ్ డాట్ ఇన్'తో ముగిసే అసలు పేజీ వెతికి పెట్టాలి. ఆ మాట అడ్రస్‌లో ఎక్కడో మధ్యలో ఉంటే లెక్క కాదు, మొదటి ఒంటి గీత వచ్చేలోపు చివర ఉండాలి. యాప్‌లో ఉన్న లింకును జనం కమిటీ మాటగా నమ్ముతారు. ఒకవేళ ఎవరైనా దొంగ పేజీలో డబ్బు పోగొట్టుకుంటే వెంటనే 1930కి ఫోన్ చేయించాలి, ఆలస్యమైతే డబ్బు ఆపడం కష్టం.

యాప్ పంపిణీ విషయంలోనూ ఇదే జాగ్రత్త. పెళ్లి కార్డు పేరుతో, బ్యాంకు పేరుతో వాట్సాప్‌లో ఏపీకే ఫైళ్లు పంపి మోసం చేస్తున్న రోజులివి. కమిటీయే అలా ఏపీకే పంపితే జనానికి అదే అలవాటవుతుంది. ప్లే స్టోర్ అకౌంట్‌కు ఒక్కసారి 25 డాలర్లు కట్టాలి. నలుగురు కలిసి వేసుకుంటే పెద్ద మొత్తం కాదు.

ఇంకో మాట మిగిలింది. ప్రాజెక్టు చేసిన కుర్రాడి గూగుల్ అకౌంట్‌లోనే అంతా ఉంటుంది. అతను ఉద్యోగం కోసం గల్ఫ్ వెళ్లిపోతే యాప్ అక్కడే ఆగిపోతుంది. ప్రాజెక్టును ఏఐఏ ఫైలుగా, దానితోపాటు కీస్టోర్‌ను కూడా దించుకుని కమిటీ పేరుతో తెరిచిన అకౌంట్‌లో ఒక కాపీ, పెన్ డ్రైవ్‌లో ఇంకో కాపీ ఉంచాలి. ఏఐఏ ఉంటే ఇంకెవరైనా యాప్ తెరిచి మార్చగలరు. నేరుగా ఏపీకేగా పంచిన యాప్ అయితే, కీస్టోర్ పోతే మాత్రం పాత యాప్ మీద కొత్త వెర్షన్ ఎక్కదు, అందరూ పాతది తీసేసి మళ్లీ వేసుకోవాల్సి వస్తుంది.