పాత తెలుగు ఫైళ్ల పఠనీయత: వర్చువల్ మెషీన్, కంటైనర్ – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం: డి.టి.పి.లో కూర్చిన పాత తెలుగు రచనలు అనేకం నేటి కంప్యూటర్లలో సరిగా తెరుచుకోవు. వాటిని చదవడానికి, వాటిలో వెతకడానికి వర్చువల్ మెషీన్, కంటైనర్‌లలో ఏది తగినదో ఆ రెండింటి చరిత్ర ఆధారంగా నిర్ణయించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: నల్లగొండ, పాలమూరు, యూనికోడ్, వర్చువల్ మెషీన్, కంటైనర్, కెర్నల్.

1. ప్రవేశిక

షబ్నవీసు వెంకటరామనరసింహారావు 1922లో నల్లగొండ నుండి ‘నీలగిరి’ పత్రికను వెలువరించారు. అచ్చయిన కాగితాన్ని చదవడానికి దానిని అచ్చువేసిన యంత్రం అక్కరలేదు. డిజిటల్ రచన అటువంటిది కాదు. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే స్థానం లభించినా, డి.టి.పి. కేంద్రాలు ఆ తరువాత కూడా చాలాకాలం అను వంటి ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో పుస్తకాలు, సిద్ధాంతగ్రంథాలు కూర్చాయి. ఆ ఫాంట్లలో తెలుగు లిపిరూపాలు రోమన్ అక్షరాల సంకేతస్థానాల్లో ఉంటాయి. ఫాంటు లేనిచోట తెలుగు వాక్యం అర్థంలేని రోమన్ గుర్తులుగా కనిపిస్తుంది. నల్లగొండలో మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం (2007), మహబూబ్‌నగర్‌లో పాలమూరు విశ్వవిద్యాలయం (2008) ఏర్పడ్డాయి. ఈ ప్రాంత సాహిత్యంపై అక్కడ పరిశోధించేవారికి ఇది పట్టించుకోవలసిన సమస్య.

2. రెండు మార్గాల చరిత్ర

వర్చువల్ మెషీన్ ఖరీదైన పెద్ద కంప్యూటర్ల కాలంలో పుట్టింది. ఐ.బి.ఎం. 1972లో ప్రకటించిన వి.ఎం./370 ఒకే యంత్రాన్ని పలువురికి వేర్వేరు యంత్రాలుగా చూపింది. 1999లో వి.ఎం.వేర్ వర్క్‌స్టేషన్ ఈ సౌకర్యాన్ని వ్యక్తిగత కంప్యూటర్లకు తెచ్చింది. ఇందులో ప్రతి మెషీన్‌కూ సొంత ఆపరేటింగ్ సిస్టమ్, సొంత కెర్నల్ ఉంటాయి.

కంటైనర్ వంశం వేరు. 1979 నాటి యూనిక్స్ ఏడవ వెర్షన్‌లోని ‘సీహెచ్‌రూట్’ ప్రోగ్రాముకు కనిపించే ఫైళ్ల పరిధిని కుదించింది. 2000లో ఫ్రీబీఎస్‌డీ ‘జైల్స్’ ఆ పద్ధతిని విస్తరించాయి; 2013లో వచ్చిన డాకర్ కంటైనర్లకు ప్రాచుర్యం తెచ్చింది. కంటైనర్లన్నీ తాము నడిచే యంత్రపు కెర్నల్‌నే పంచుకుంటాయి. ప్రోగ్రామును, దానికి కావలసిన లైబ్రరీలను మాత్రమే వెంట తెచ్చుకుంటాయి. అందువల్ల అవి తేలిక, త్వరగా మొదలవుతాయి. అయితే కెర్నల్‌లో లోపముంటే దాని ప్రభావం అన్నిటిపైనా పడవచ్చు.

3. ఎంపిక

పాత పేజ్‌మేకర్ ఫైలుకు పాత విండోస్ కావాలి. లైనక్స్ కెర్నల్‌ను పంచుకునే కంటైనర్ దానిని అందించలేదు. ఇక్కడ వర్చువల్ మెషీనే తగినది. విండోస్ ఎక్స్‌పీకి మద్దతు 2014లోనే ముగిసింది కనుక ఆ మెషీన్‌ను అంతర్జాలానికి దూరంగా ఉంచాలి.

పాఠం యూనికోడ్‌లోకి మారిన తరువాత అవసరం మారుతుంది. పదసూచిక, అన్వేషణ ప్రోగ్రాములను కళాశాలలోని సాధారణ కంప్యూటర్‌లో నడపడానికి కంటైనర్ చాలు. దాని నిర్మాణసూచనలు సాదా పాఠంలో ఉంటాయి కాబట్టి మరో కళాశాల కూడా అదే ఏర్పాటు చేసుకోగలదు. కంటైనర్‌ను తొలగిస్తే లోపల దాచినవీ పోతాయి. కనుక సేకరించిన పాఠాలను దాని వెలుపల భద్రపరచాలి.

4. ముగింపు

ఎంపికకు కొలమానం కొత్తదనం కాదు, కెర్నల్ అవసరం. పాత ఆపరేటింగ్ సిస్టమ్ కావలసినచోట వర్చువల్ మెషీన్, ఉన్న కెర్నల్ సరిపోయేచోట కంటైనర్ తగినవి. ఈ రెండూ సాధనాలే; శాశ్వతంగా నిలపవలసింది యూనికోడ్ పాఠాన్ని. మార్పిడిలో ఒత్తులు, గుణింతాలు తారుమారయ్యే అవకాశముంది. అచ్చుప్రతితో పోల్చి వాటిని సరిచూడడం ఏ యంత్రానికీ వదిలివేయలేని పని. అది తెలుగు పరిశోధకుల బాధ్యత.