ఉప్పునీటి తొట్టె, కోరంటి దవాఖానా

గత వేసవిలో ఒక సాయంత్రం, నాంపల్లిలో మా వీధి చివరి ఇంటి యువకుడు తల్లిని వెంటబెట్టుకొని మా ఇంటికి వచ్చాడు. చేతిలోని సెల్‌ఫోనులో ఒక చేప చిత్రం ఉంది. నీలిరంగు ఒంటి నిండా ఉప్పు చల్లినట్లు తెల్లని చుక్కలు. "డాక్టర్‌గారూ, చేపలకు కూడా అమ్మవారు పోస్తుందాండీ?" అని తల్లి అడిగింది. ఆమె పరిహాసానికి అడగలేదు. రెండు రోజులలో మూడు చేపలు చనిపోయాయట.

సముద్రానికి వందల కిలోమీటర్ల దూరాన ఉన్న నగరంలో, కృత్రిమ లవణం కలిపిన నీటిలో పగడాలనూ చేపలనూ పెంచడం చిన్న వ్యాసంగం కాదు. ఆ కుర్రవాడు మూడేళ్లుగా జీతంలో కొంత అందులో పోశాడు. నేను మనుషుల వైద్యుణ్ణి. చేపల గురించి నాకు తెలిసింది తక్కువ. అయినా పరాన్నజీవులతో నలభై ఏళ్లు కాలక్షేపం చేసినవాణ్ణి గనుక పుస్తకాలు తిరగేశాను. అక్కడ కనిపించినది నాకు బాగా పరిచితమైన చరిత్రే.

ఆ తెల్లచుక్కల వ్యాధికి కారణం ఒక ఏకకణజీవి. 1930లలో జపాన్‌లో సికామా దానిని వర్ణించాడు. 1951లో బ్రౌన్ దానికి 'క్రిప్టోకేరియాన్ ఇరిటాన్స్' అని నామకరణం చేశారు. దాని బ్రతుకు తెరువు చూడండి. చేప చర్మంలోనూ మొప్పలలోనూ దూరి కొన్ని రోజులు తింటుంది. బలిసిన తరువాత రాలిపోయి, తొట్టె అడుగున ఇసుకకో రాతికో అంటుకొని చుట్టూ గట్టి కోశం కట్టుకుంటుంది. లోపల విభజన చెంది వందల పిల్లలవుతుంది. అవి కోశం చీల్చుకొని బయటపడి, ఒకటి రెండు రోజులలోగా చేపను పట్టుకోలేకపోతే చచ్చిపోతాయి. కోశాలు చాలావరకు కొద్ది వారాలలో పగులుతాయి. కొన్ని మాత్రం 72 రోజుల వరకు కూడా ఉండగలవని పరిశోధకులు గమనించారు.

చర్మం లోపల ఉన్నప్పుడు మందు దానిని తాకదు. కోశంలో ఉన్నప్పుడూ తాకదు. ఈదులాడే ఆ ఒకటి రెండు రోజులే మనకు చిక్కే సమయం. చుక్కలు మాయమైనాయని సంతోషించి మందు ఆపినవారు పది రోజుల తరువాత లబోదిబోమనేది ఇందుకే. మా యువకుడికీ అదే జరిగింది. మొదట చుక్కలు పోయాయి, తరువాత రెట్టింపై వచ్చాయి.

ఇది చదువుతుంటే నాకు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పనిచేసిన రోజులు జ్ఞాపకం వచ్చాయి. వైవాక్స్ మలేరియా రోగి క్లోరోక్విన్‌తో మూడు రోజులలో లేచి తిరిగేవాడు. కొన్ని నెలల తరువాత మళ్లీ వణుకుతూ వచ్చేవాడు. రక్తంలోని క్రిమి చచ్చినా, కాలేయంలో నిద్రాణంగా దాగినది మిగిలి ఉండేది. దానికి ప్రైమాక్విన్ పదునాలుగు రోజులు వేరుగా ఇవ్వాలి. జ్వరం తగ్గాక పదునాలుగు రోజులు మాత్ర మింగేవారు ఎందరుంటారో మీరే ఊహించండి.

పరాన్నజీవిని జయించాలంటే ముందు దాని జీవితచక్రాన్ని తెలుసుకోవాలన్న పాఠానికి మన నగరంతో సంబంధం ఉంది. నాంపల్లికి కొద్ది దూరంలోని బేగంపేటలో, 1897 ఆగస్టు 20న, రోనాల్డ్ రాస్ ఒక దోమ కడుపు గోడలో మలేరియా క్రిమి రంగుకణాలను చూశాడు. ఆ దోమ కుట్టినది హుసేన్ ఖాన్ అనే రోగిని. కుట్టించుకున్నందుకు దోమకు ఒక అణా చొప్పున అతనికి ముట్టింది. రాస్‌కు 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. హుసేన్ ఖాన్ గురించి తలచుకునేవారు తక్కువ. నాకు మాత్రం అతని పేరు చెప్పకుండా ఈ కథ చెప్పబుద్ధి కాదు.

విచిత్రమేమిటంటే, ఆ మలేరియా మందే నేడు చేపల తొట్టెలోకి వచ్చింది. క్లోరోక్విన్‌ను 1934లో జర్మనీలో బేయర్ సంస్థలో హాన్స్ ఆండర్‌సాగ్ తయారుచేశాడు. విషగుణం ఎక్కువని మొదట పక్కన పెట్టారు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో మళ్లీ వెలికితీశారు. ఉప్పునీటి చేపల పెంపకందారులు దానిని లీటరుకు సుమారు 10 మిల్లీగ్రాముల చొప్పున వాడతారు. అంతకు ముందునుంచీ ఉన్న మందు రాగి, అంటే మన మైలుతుత్తం. దాని మోతాదు లీటరుకు మిల్లీగ్రాములో అయిదవ వంతు. తగ్గితే క్రిమి చావదు, మించితే చేప చస్తుంది. ఈ రెండు మందులూ పగడాలకు ప్రాణాంతకాలే. కనుక చేపలను వేరే తొట్టెలోకి మార్చిన తరువాతే వైద్యం చేయాలి.

ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. ఆ యువకుడు తెప్పించిన క్లోరోక్విన్ పొడి డబ్బా, వాళ్ల నాన్నగారి రక్తపోటు మాత్రల పక్కనే అలమారలో ఉంది. 2020 మార్చిలో అమెరికాలోని అరిజోనాలో దంపతులిద్దరు కరోనా భయంతో చేపల తొట్టె శుభ్రతకు ఉద్దేశించిన క్లోరోక్విన్ ఫాస్ఫేట్ మింగారు. భర్త మరణించాడు, భార్య ఆసుపత్రి పాలయింది. ఈ మందు మోతాదు మించితే గుండె లయ తప్పుతుంది. మందు పేరు ఒకటే కావచ్చు, చేపల డబ్బా మనుషులకు కాదు. ఆ డబ్బాకు ఎర్రసిరాతో చీటీ అంటించి, తాళం ఉన్న పెట్టెలో పెట్టించేదాకా నేను వాళ్లింటి నుంచి కదలలేదు.

"అసలు ఇది ఎలా వచ్చింది బాబూ?" అని అడిగాను. రెండు వారాల క్రితం కొత్త చేపను కొని, సంచిలోనుంచి నేరుగా తొట్టెలో వదిలాడు. కొత్తది నిగనిగలాడుతూనే ఉందట. రోగం మోసుకొచ్చేవారు తరచు అలాగే ఉంటారు.

1377లో రగూసా రేవులో, నేటి డుబ్రోవ్నిక్‌లో, ప్లేగు ప్రాంతాల నుంచి వచ్చినవారిని ముప్పై రోజులు వేరుగా ఉంచాలని శాసించారు. తరువాత అది నలభై రోజులైంది. వెనిస్ భాషలో నలభైకి ఉన్న మాటనుంచే క్వారంటైన్ అన్న పదం పుట్టింది. మన నగరానికి ఆ పదం ఇరవయ్యవ శతాబ్ది ఆరంభంలో ఆసుపత్రి రూపంలో వచ్చింది. 1908లో మూసీ వరద ముంచెత్తింది, 1911లో ప్లేగు వచ్చింది, 1912లో ఇరుకు బస్తీలను బాగుచేయడానికి నగరాభివృద్ధి బోర్డు ఏర్పడింది. 1915లో క్వారంటైన్ ఆసుపత్రి వెలసింది. జనం నోట అది 'కోరంటి దవాఖానా' అయింది. తరువాత నల్లకుంటకు తరలింది. నేడు దాని అధికారిక నామం రాస్ పేరు మీదనే ఉంది, జనానికి మాత్రం ఫీవర్ ఆసుపత్రి.

నా చిన్నతనంలో కోరంటి అంటే తిరిగిరాని చోటు. కంఠసర్పి సోకిన పిల్లవాణ్ణి ఒక కుటుంబం ఆ పేరుకు జడిసి నాలుగు రోజులు ఇంట్లో దాచిపెట్టింది. మా దగ్గరకు తెచ్చేసరికి గొంతు పూడుకుపోయింది. పక్కింటి పిల్లలిద్దరికి కూడా సోకింది. వాళ్లు దక్కారు, అతడు దక్కలేదు. ఆ తల్లిని నేను నిందించలేను. వేరుచేయడమంటే వెలివేయడం కాదని ఆమెకు వివరంగా చెప్పినవారు లేరు.

మా యువకుడి తొట్టెలో రెండు చేపలు మిగిలాయి. వాటిని ఒక ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చి, రాగి పరిమాణాన్ని రోజూ పరీక్షిస్తూ వైద్యం చేశాడు. పెద్ద తొట్టెలో పగడాలను ఉంచి, చేప అన్నది లేకుండా 76 రోజులు వదిలేశాడు. వెలుగుతూ, నీళ్లు తిరుగుతూ, చేపలు లేని తొట్టెను చూసి వాళ్లమ్మగారు రోజూ నిట్టూర్చేది. 77వ రోజున ఆ రెండింటినీ తిరిగి వదిలాడు. ఆ ప్లాస్టిక్ డబ్బా ఇంకా మేడమెట్ల కింద ఉంది. కొత్త చేప ఏది వచ్చినా ముందుగా అందులోకే వెళుతుంది. ఆ ఇంట్లో దాని పేరు కోరంటి.