ఆటయంత్రముల వెల తగ్గింపు

వీడియో ఆటయంత్రముల వర్తకమున యంత్రమును అమ్ముటచే కలుగు లాభము స్వల్పము, ఒక్కొక్కప్పుడది నష్టమే. అసలు ఆదాయము పిమ్మట కొనబడు ఆటలనుండియు, ఇతరులు రూపొందించిన ఆటలపై యంత్రకర్తకు దక్కు రుసుములనుండియు వచ్చును. కావున వెల తగ్గించుటకు ఈ వర్తకులు అంతగా జంకరు. అయినను తగ్గించినవారెల్లరును గట్టెక్కినవారు కారు.

1995 మే నెలలో లాస్ ఏంజెలెస్ నగరమున జరిగిన ప్రదర్శనలో, శాటర్న్ యంత్రమును 399 డాలర్లకు నాటినుండియే విక్రయించుచున్నామని సెగా సంస్థ ప్రకటింపగా, ఆ దినముననే సోనీ పక్షమున వేదికనెక్కిన స్టీవ్ రేస్ అను నతడు తమ ప్లేస్టేషన్ యంత్రపు వెలగా 299 అను అంకెను మాత్రము పలికి దిగిపోయెను. సెగా కొలది నెలలకే 299కి దిగెను. మరుసటి మే నెలలో సోనీ ప్లేస్టేషన్ వెలను 199 చేయగా తానును వెంబడించెను. వెలలు సమానములైనను అమ్మకములు సమానములు కాలేదు, ఏలయన ఆటలు రూపొందించువారు అప్పటికే అధికసంఖ్యలో సోనీ వైపునకు మరలియుండిరి.

నా దృష్టిలో ఈ చరిత్రమున మిక్కిలి పరిశీలింపదగినది నింటెండో 3డీఎస్ వృత్తాంతము. కళ్ళద్దములు లేకయే దృశ్యమునకు లోతు కనిపింపజేయు ఈ చేతియంత్రము 2011 ఫిబ్రవరిలో జపానున 25,000 యెన్లకు విపణిలోనికి వచ్చి, మార్చి ముగియులోపల ప్రపంచమున 36 లక్షలు అమ్ముడుపోయెను. కాని తరువాతి మూడు నెలలలో అమ్మకము 7 లక్షలకు పడిపోయెను. వెల అధికము, మారియో వంటి పేరుగాంచిన ఆట తొలినాళ్ళలో లేదు, ఆటలను నేరుగా యంత్రములోనికి దింపుకొను అంగడియైనను జూన్ వఱకు తెఱవబడలేదు.

జులై 28న అధ్యక్షుడు సతోరు ఇవాటా ఆగస్టు 11నుండి వెలను 15,000 యెన్లు చేయుచున్నట్లు ప్రకటించెను. పుట్టి ఆఱు నెలలైనను నిండని యంత్రమునకు ఇంతటి కోత ఆ సంస్థయందు అపూర్వము. ఇవాటా తన వేతనమును సగమునకు తగ్గించుకొనెను. వెల తగ్గెనని సంతోషించువాడు ఇంకను కొననివాడే. నిండు వెల యిచ్చి మొదట కొన్న అభిమాని తన విశ్వాసమునకు శిక్ష పడినదని నొచ్చుకొనును. ఇవాటా ఆ బాధను గుర్తించి వారికి క్షమాపణ పత్రము వ్రాసి, 20 పాత ఆటలను ఉచితముగా నొసగెను. వానిలో గేమ్‌బాయ్ అడ్వాన్స్ అను పాత చేతియంత్రము నాటి 10 ఆటలు 3డీఎస్‌పై మఱెవ్వరికిని విక్రయింపబడనేలేదు. తొలి గ్రాహకుని గౌరవము నిలుపుటకు ఇంతటి శ్రద్ధ వహించిన వర్తకుడు అరుదు, అది హృదయపూర్వకముగా ప్రశంసింపదగినది.

ఫలితమేమనగా, ప్రకటనకును తగ్గింపునకును నడుమ జపానున కొనువారు వేచియుండుటచే అమ్మకములు దాదాపు స్తంభించి, వెల తగ్గిన వారమున రెండు లక్షలకు చేరువయ్యెను. ఆ పొంగు నిలువక కొన్ని వారములకే కుంగెను. నవంబరున సూపర్ మారియో త్రీడీ ల్యాండ్, డిసెంబరున మారియో కార్ట్ సెవెన్, మాన్‌స్టర్ హంటర్ త్రీజీ వెలువడిన పిమ్మటగాని యంత్రము స్థిరముగా నిలద్రొక్కుకొనలేదు. అప్పుడు వారపు అమ్మకము వెల తగ్గిననాటి దానినే మించెను. దీని మూల్యమును సంస్థ భారముగానే చెల్లించెను: తయారీ వ్యయముకన్న తక్కువకు అమ్మవలసివచ్చుటయు, యెన్ విలువ పెరుగుటయు కలసి, 2012 మార్చితో ముగిసిన సంవత్సరమునకు 4,320 కోట్ల యెన్ల నష్టము చూపవలసివచ్చెను. యంత్రము మాత్రము తుదకు ఏడున్నర కోట్లకు మించి అమ్ముడుపోయెను.

అదే సంస్థ అదే ఉపాయమును 2013 సెప్టెంబరున అమెరికాలో వీ-యూ యంత్రముపై ప్రయోగించి, 350 డాలర్ల వెలను 300 చేసెను. ఆ యంత్రమున కేమి విశేషమున్నదో సామాన్య గ్రాహకునకు అప్పటికిని బోధపడలేదు. ఇతర సంస్థల ఆటలును కొఱవడెను. అది తన జీవితకాలమున కోటీ ముప్పదియైదు లక్షల దరిదాపుననే నిలిచిపోయెను.