ఇనప్పెట్టెలో సిపాయి

మహారాష్ట్రలోని కోరేగావ్ స్తంభం మీద 1818 యుద్ధంలో చనిపోయిన మహర్ సిపాయిల పేర్లున్నాయి. 1927 జనవరి 1న బాబాసాహెబ్ అంబేద్కర్ అక్కడికి వెళ్లారు. అంటరానివాళ్లు సైన్యానికి పనికిరారన్న మాటకు ఆ రాయే జవాబు.

తెనాలి, బాపట్ల, రేపల్లె పల్లెల్లో మనకలాంటి స్తంభం లేదు. రెండో ప్రపంచయుద్ధంలో భారత సైన్యం దాదాపు 25 లక్షలకు పెరిగింది. అంతకుముందు 'యుద్ధజాతులు' కావని నెట్టేసిన కులాల్నీ అవసరం కొద్దీ పిలిచారు. 1941లో మహర్ రెజిమెంటు, 1943లో చమార్ రెజిమెంటు పెట్టారు. యుద్ధం ముగిశాక 1946లో చమార్ రెజిమెంటును రద్దు చేశారు. తన కులం పేర రెజిమెంటే లేని మాల, మాదిగ సిపాయి సర్కారు చరిత్రలో ఎక్కడ కనపడతాడు? వుంటే గింటే ఇంట్లో ఇనప్పెట్టెలో వుంటాడు: ఖాకీ చొక్కా, పతకం, డిశ్చార్జి కాగితం.

ఊరి నడివీధిలో చెప్పులు చేతబట్టుకోవాల్సిన మనిషి అక్కడ బూట్లేసుకుని నడిచాడు. 1991 ఆగస్టు 6న చుండూరులో 8 మందిని చంపిందీ తలెత్తుకు తిరిగినందుకే. అందుకే ఆ చొక్కా పాతగుడ్డ కాదు, సాక్ష్యం.

దాన్ని ఉతకొద్దు. ఎండలో వేలాడదీయొద్దు. శుభ్రమైన నూలుగుడ్డలో చుట్టి తేమ తగలని చోట పెట్టండి. పతకాన్ని తోమితే దాని మీద నంబరు, పేరు వుంటే అరిగిపోతాయి. కాగితాల్ని ఫోటో తీయండి. ఆ సిపాయి గురించి ఇంట్లో ముసలమ్మ చెప్పే మాటలు, ఆమె మాటల్లోనే, తేదీ వేసి రాసుకోండి. ఆమె పోతే చొక్కా మిగిలినా అది ఎవరిదో చెప్పేవాళ్లుండరు.