ఆరిపోని స్వరం

తీగ వాద్యాలకు పుట్టుకతోనే వచ్చిన కష్టం ఒకటుంది. మీటగానే ఖంగున మోగుతాయి, ఆ వెంటనే సన్నగిల్లడం మొదలవుతుంది. పాటగాడు ఊపిరి ఉన్నంతసేపు స్వరాన్ని పట్టి ఊగించగలడు. తీగకు ఆ ఊపిరి లేదు. దానికోసం సాగిన వెతుకులాట హవాయి దీవుల్లో మొదలై మన పాలకొల్లు దాకా వచ్చింది.

పంతొమ్మిదో శతాబ్దం చివర్లో జోసెఫ్ కెకుకు అనే హవాయి కుర్రాడు గిటారు తీగల మీద వేళ్లకు బదులు ఉక్కు ముక్కను జార్చి వాయించసాగాడు. మెట్టుకీ మెట్టుకీ మధ్య అడ్డుగోడ లేకుండా స్వరం నీళ్లలా జారింది. అదే స్టీల్ గిటార్. అమెరికా దానికి ముగ్ధురాలైంది గానీ, పెద్ద హాల్లో డ్రమ్ముల మోతలో ఆ గొంతు వినపడేదే కాదు.

లాస్ ఏంజెలస్‌లో హవాయి గిటార్ వాయించే జార్జ్ బీచమ్‌ను ఆ దిగులే పట్టుకుంది. గ్రామఫోన్ బాకా లాంటిది గిటారుకు తగిలించి చూశాడు, కుదరలేదు. జాన్ దోపెరాతో కలిసి గిటారు పొట్టలో అల్యూమినియం శంకువులు అమర్చిన వాద్యాలు తెచ్చాడు. మోత పెరిగింది, అయినా చాల్లేదు. అప్పుడు ఆలోచననే తిరగేశాడు. పొట్ట మోతను పెంచే బదులు, తీగ కదలికనే కరెంటుగా మారిస్తే? గుర్రపు నాడా ఆకారపు అయస్కాంతాలు, వాటి దగ్గర సన్నటి రాగి తీగ చుట్ట. ఆ చుట్ట చుట్టడానికి వాషింగ్ మెషిన్ మోటారు వాడాడని చెబుతారు. 1931లో రూపుదిద్దుకున్న ఆ వాద్యం గుండ్రటి పెనానికి పొడుగు పిడి పెట్టినట్టు ఉండేది. దాని పేరే ‘ఫ్రయింగ్ పాన్’ అయింది. పేటెంట్ రావడానికి 1937 దాకా ఆగాల్సి వచ్చింది. జనంలోకి వెళ్లి నిలిచిన తొలి ఎలక్ట్రిక్ గిటార్ ఒడిలో పెట్టుకు వాయించే ఈ స్టీల్ గిటారే.

ఇక పాలకొల్లు. 1969లో అక్కడ పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ అయిదేళ్లప్పుడు తండ్రి సత్యనారాయణ గారి మాండలిన్ చేతికి తీసుకున్నాడు. ఏడేళ్లకు గిటారిస్టు వాసురావు అతనికి పాశ్చాత్య సంగీతం పరిచయం చేశారు. శాస్త్రీయ సంగీతం నేర్పింది చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు రుద్రరాజు సుబ్బరాజు గారు. ఈ కథలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇదే: గురువుగారికి మాండలిన్ వాయించడం రాదు! ఆయన పాడేవారు, పిల్లవాడు విన్నది విన్నట్టు తీగ మీద వెతుక్కునేవాడు. వేళ్లు ఎక్కడ పెట్టాలో చెప్పేవాళ్లు లేకపోబట్టే, గొంతు పలికినదంతా తీగ పలికి తీరాలన్న పట్టుదల పెరిగింది.

పలకడం మాత్రం అంత తేలిక కాదు. మాండలిన్‌కు ఎనిమిది తీగలు, నాలుగు జంటలుగా ఉంటాయి. గమకం కోసం ఒక జంటను పక్కకు లాగితే రెండూ సమంగా కదలవు, శ్రుతి చెదురుతుంది. పైగా తీగ లాగి సంగతి పూర్తి చేసేలోపే నాదం ఆరిపోతుంది. శ్రీనివాస్ జంటలను వదిలేసి ఒంటి తీగలు పెట్టుకున్నాడు, స్థాయి విస్తరించడానికి అయిదో తీగ చేర్చాడు, ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టాడు. ఇప్పుడు మీటు తర్వాత మిగిలే సన్నటి నాదం కూడా వినపడుతుంది. గమకం నిలబడేది ఆ మిగులు మీదే.

1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవంలో తొలి కచేరీ. మూడేళ్లకు, 1981లో మద్రాసు ఇండియన్ ఫైన్ ఆర్ట్స్ సొసైటీ వేదిక. మాండలిన్‌లో కర్ణాటక సంగీతమేమిటని సందేహించిన పెద్దలకు పన్నెండేళ్ల పిల్లవాడు కీర్తనలతోనే జవాబిచ్చాడు. 1983కల్లా బెర్లిన్ జాజ్ ఉత్సవంలో ఉన్నాడు.

కరెంటు తెచ్చిన కొత్త చిక్కు ఒకటుంది. ప్రతిధ్వని జతచేస్తే స్వరం నిడివి పెరుగుతుంది గానీ, మీటు పదును మసకబారుతుంది. అందుకే స్టీల్ గిటార్ వాయించేవాళ్లు కొందరు రెండు ఆంప్లిఫయర్లు పెట్టుకుంటారు. ఒకదాంట్లో ముడి స్వరం, రెండోదాంట్లో దాని ప్రతిధ్వని. దేని మోత ఎంతో విడివిడిగా సరిచూసుకోవచ్చు, రెండూ కలిసేది గాలిలోనే.

మైకేల్ బ్రూక్ అనే కెనడా సంగీతకారుడు ఇంకో దారి తొక్కాడు. తీగ నుంచి వచ్చిన సంకేతాన్ని పెంచి మళ్లీ తీగకే అందించి, ఎంతసేపైనా ఆగకుండా మోగే ‘ఇన్ఫినిట్ గిటార్’ తయారుచేశాడు. 1995లో ‘డ్రీమ్’ అనే ఆల్బమ్‌లో అతనూ శ్రీనివాసూ కలిశారు. తీగ ఆరకుండా కరెంటుతో కాపలా కాసినవాడొకరు, ఆరేలోపే గమకమంతా పలికించడం నేర్చినవాడొకరు.